నక్షత్రములకు శైశవము

వివాహవేళ పురోహితుడు వధువునకు అరుంధతీ నక్షత్రమును చూపించును. ధ్రువుని చూపి స్థిరత్వమును కోరుకొనుమనును. ఈ యాచారములవలన నక్షత్రములనగా పుట్టుట గిట్టుట లేనివి, మార్పెఱుగనివి అను భావము మన మనస్సులలో నాటుకొనిపోయినది. తాతముత్తాతలు చూచిన చుక్కలనే మనము చూచుచున్నాము. మన మునిమనుమలును వానినే చూడగలరు. మానవుని యాయుర్దాయముతో కొలిచినచో ఈ భావమున దోషము లేదు. కాని కోట్ల యేండ్లను లెక్కకు దీసికొన్నచో నక్షత్రములకును గర్భవాసము, జననము, శైశవము, యౌవనము, వార్ధకము అన్నియు కలవు. బిడ్డ తల్లిపాలు త్రాగి పెరుగునట్లు నక్షత్రమును పుట్టిన పిదప తన చుట్టు నున్న పదార్థమును గ్రహించి పెరుగును. ఆ యాహారము ఎక్కడిది? అది ఏ దారిని వచ్చును? తిన్నంత తిని నక్షత్రము విడిచిన మిగులు ఏమగును? ఈ ప్రశ్నలు కేవలము జ్యోతిశ్శాస్త్రజ్ఞులకే చెందినవి కావు. మనము నిలిచియున్న నేలయు, బిందెలో పట్టుకొను నీరును ఆ మిగులునుండి వచ్చినవే గనుక, ఇది మన పుట్టింటి కథ యని చెప్పవచ్చును.

ఈ కథను చెప్పుటకు పల్నాటిలోని విజయపురి సౌత్ తగిన తావు. కృష్ణానది కుడిగట్టున, నాగార్జునసాగరము ప్రక్కన నున్న ఊరిది. నీటి వైపునకు తిరిగి నిలిచినచో తలపై ఆకాశము విశాలముగా కానవచ్చును. ఎదుట సాగరములో నున్న నాగార్జునకొండ మీద ఇక్ష్వాకుల నాటి శిథిలములు భద్రపరుపబడియున్నవి. మూడవ, నాలుగవ శతాబ్దములలో ఇక్ష్వాకులకు రాజధానియైన విజయపురి ఈ లోయలోనే యుండెను. ఆ రాజవంశపు స్త్రీ చాంతిసిరి, వీరపురుషదత్తుని ఆరవ పాలనా సంవత్సరమున, ఇచ్చటి మహాచైత్యమును పూర్తిచేయించినట్లు శాసనములు చెప్పుచున్నవి. ఆ చైత్యపు పునాది బండిచక్రము వలె నుండును: నడుమ ఇరుసు భాగము, దానినుండి నలుదెసలకు ఆకులు, చుట్టును వలయము. మనము చెప్పబోవు కథలోను నడుమ నొక ముద్ద, చుట్టు నొక చక్రము కలవు. అయితే ఆ చక్రము ఇటుకలది కాదు, వాయువుతోను ధూళితోను ఏర్పడినది. అది నిలిచి యుండదు, తిరుగుచునే యుండును.

పురిటిల్లు ఎక్కడ?

పుష్య మాఘ మాసములలో రాత్రి ఎనిమిది తొమ్మిది గంటలవేళ ఆకాశమును చూడుడు. చిన్న చుక్కలు గుంపుగా నుండి, మన పల్లెలలో పిల్లలకోడి యని పిలువబడునది కృత్తిక. దాని ప్రక్కన ఎఱ్ఱగా మెఱయునది రోహిణి. ఇంకను తూర్పునకు మృగశిర, ఎఱ్ఱని ఆరుద్ర. వాని దిగువ ఒకే వరుసలో మూడు చుక్కలు. ఆ మూడింటి క్రింద చిన్న గీత వలె వ్రేలాడు చుక్కలలో నడిమిది కొంచెము మసకగా తోచును. అది ఒక చుక్క కాదు. పొగమబ్బు వంటి వాయురాశి. అచ్చట వేలకొలది నక్షత్రములు క్రొత్తగా పుట్టియున్నవి, ఇంకను పుట్టుచున్నవి. అది మనకు సుమారు 1,350 కాంతి సంవత్సరముల దూరమున నున్నది. అనగా నేడు మన కంటికి తగులు వెలుగు అచ్చటినుండి బయలుదేరునప్పటికే విజయపురి ఇక్ష్వాకుల పాలన ముగిసి మూడు వందల యేండ్లకు పైగా గడచినది.

ఇంతకన్న దగ్గరి పురిటిల్లు కృత్తికా రోహిణుల దిక్కుననే కలదు. దాని దూరము సుమారు 450 కాంతి సంవత్సరములు. అది కంటికి కనబడదు. అచ్చట నల్లని మేఘములు వెనుకటి నక్షత్రముల వెలుగును మరుగుపఱచుటచే ఆకాశము ఖాళీగా నున్నట్లు తోచును. ఖాళీ యనుకొన్న ఆ చోటనే గర్భము దాల్చిన మేఘములున్నవి.

ఈ మేఘములలో ముఖ్యమైనది ఉదజని, అనగా హైడ్రోజను వాయువు. నక్షత్రములలో నధికభాగము ఉదజనియే యని 1925వ సంవత్సరమున తన సిద్ధాంత వ్యాసములో తేల్చినది సిసీలియా పెయిన్ అను ఇరువదియైదేండ్ల యువతి. నాటి పెద్దలు దానిని మొదట నమ్మకపోయినను, కొలదియేండ్లలోనే ఆమె చెప్పినదే నిజమని యొప్పుకొనవలసివచ్చెను. మేఘములలో ఉదజనితో కొంత హీలియము, అతి సూక్ష్మమైన ధూళియు కలిసి యుండును. ఆ ధూళి మన యింటి దుమ్మువంటిది కాదు. ఇసుక జాతివి, బొగ్గు జాతివి నైన మిక్కిలి చిన్న రేణువులు. మేఘపు లోపల చలి అత్యధికము. మంచు గడ్డకట్టు స్థితికి 260 డిగ్రీలు దిగువ. అంత చల్లగా నుండుటచే వాయువునకు వ్యాపించు బలము తగ్గి, తన బరువునకు తానే లోనికి కుదించుకొనును. నడుమ నొక ముద్ద యేర్పడును. అదియే నక్షత్ర శిశువు.

ఒప్పులకుప్ప

ఇచ్చట నొక చిక్కు కలదు. మేఘమంతయు నేరుగా నడిమి ముద్దలోనికి పడిపోవచ్చును గదా యని తోచును. అట్లు జరుగదు. ఏల యనగా ప్రతి మేఘమును మొదటినుండియు కొంచెముగా తిరుగుచునే యుండును. మన బాలికలు ఒప్పులకుప్ప యాడునప్పుడు చేతులు పట్టుకొని గిరగిర తిరుగుదురు గదా! చేతులు చాచి యున్నంతవఱకు వేగము కొంత తక్కువ. దగ్గరకు లాగుకొన్నచో వేగము హెచ్చును. మఱింత దగ్గరకు రావలెనన్న, ఎవరో వెలుపలికి లాగివేయునట్లుండును. మేఘమునకును అదే గతి. కుదించుకొనుకొలది వేగము పెరిగి, ఒక మేరకు వచ్చిన పిదప వాయువు లోనికి పడజాలదు.

పైనుండియు క్రిందినుండియు వచ్చు వాయువునకు మాత్రము ఈ యడ్డంకి లేదు. అది నడిమి తలమునకు దిగి, ఎదురుగా వచ్చిన వాయువుతో ఢీకొని, అక్కడనే స్థిరపడును. పెనముమీద పిండి పరచుకొన్నట్లు, గుండ్రని మేఘము క్రమముగా పలుచని చక్రముగా మారును. గ్రహములన్నియు ఇట్టి తిరుగుడు వాయుచక్రమునుండి పుట్టియుండునని 1755లో కాంటు అను జర్మను తత్త్వవేత్తయు, 1796లో లాప్లాసు అను ఫ్రెంచి గణితజ్ఞుడును ఊహించిరి. ఆ చక్రములను కంటితో చూచినట్లు చిత్రించుట మాత్రము ఇరువదవ శతాబ్దపు చివర హబుల్ దూరదర్శిని వచ్చిన పిదపనే సాధ్యమైనది.

మన యింటి తిరగలిని తలచుకొనుడు. గింజలను నడిమి రంధ్రములో పోసినచో పిండి అంచులనుండి వెలువడును. నక్షత్రపు చక్రము తలక్రిందులైన తిరగలి వంటిది. మేఘమునుండి వచ్చు పదార్థము అంచుల దగ్గర పడును. అది తిరిగి తిరిగి, క్రమముగా నడిమికి జేరి, నక్షత్రమునకు ఆహారమగును.

కాని తిరుగు వస్తువు తనంత తాను లోనికి జరుగదని యిప్పుడే చెప్పితిమి. మఱి ఎట్లు జరుగుచున్నది? తన తిరుగుడును వేఱొకదాని కప్పగించినప్పుడు మాత్రమే. చక్రములో లోపలి వాయువు వేగముగను, వెలుపలి వాయువు నెమ్మదిగను తిరుగుచుండును. రెంటిని కలుపుచు అయస్కాంతశక్తి కనబడని దారము వలె సాగుచుండును. ముందు పరుగెత్తు లోపలివానిని వెనుకబడిన వెలుపలివాడు పట్టి లాగినట్లగును. లోపలిది వేగము గోల్పోయి మఱింత లోనికి దిగును. వెలుపలిది వేగము పొంది ఇంకను వెలికి జరుగును. 1991లో బాల్బస్, హాలీ అను నిరువురు శాస్త్రజ్ఞులు ఈ లాగుడు వాయుచక్రములలో ఎట్లు కల్లోలము పుట్టించునో నిరూపించిరి. ఇదిగాక, చక్రపు పైతలమునుండి వీచు గాలులు కూడ తిరుగుడును మోసికొనిపోవును. ఇటీవలి పరిశోధనలు ఈ గాలులకే యెక్కువ ప్రాధాన్య మిచ్చుచున్నవి. చక్రమునకు లంబముగా ఇరువైపుల వేగముగా చిమ్మబడు ధారలును దూరదర్శినులలో కానవచ్చును. నక్షత్ర శిశువు తిన్నదానిలో కొంత పాలు కక్కినట్లు వెలికి పోవునని తలచవచ్చును. ఆ కక్కుటయే మిగిలినది అరుగుటకు తోడ్పడుచున్నది.

కడపటి ముద్ద

చక్రము నక్షత్రపు ఒడలిని తాకునని మనము భావింతుము. అట్లు గాదు. నక్షత్ర శిశువునకు అయస్కాంతబలము మన భూమికున్నదానికన్న వేలరెట్లెక్కువ. ఆ బలము చక్రపు లోపలి యంచును నక్షత్రమునకు కొంత దూరముననే నిలిపివేయును. అచ్చటినుండి వాయువు అయస్కాంత రేఖల వెంట, కాలువల వెంట నీరు పారినట్లు, పైకి లేచి వంపు తిరిగి, నక్షత్రముపై సెకనుకు సుమారు 300 కిలోమీటర్ల వేగముతో పడును. పడినచోట లక్షల డిగ్రీల వేడి పుట్టును. ఆ ప్రక్కనున్న భాగము ఎనిమిది పదివేల డిగ్రీలకు కాగి, నక్షత్రపు తక్కిన ఒడలికన్న మిక్కిలి ప్రకాశించును. ఆ వెలుగులో కంటికి కనబడని ఊదావెలి కిరణము లధికము. వెనిజ్యూలా దేశమునుండి వచ్చిన నూరియా కాల్వెట్ అను శాస్త్రవేత్త్రియు ఆమె తోడివారును, ఆ వెలుగును కొలిచి, ఎంత పదార్థము పడుచున్నదో లెక్కకట్టు విధానమును 1998 ప్రాంతమున స్థిరపఱచిరి. పొయ్యిమీది మంటను చూచి ఎన్ని కట్టెలు కాలుచున్నవో చెప్పు గృహిణి నేర్పు ఇట్టిదియే.

ఈ జాతి నక్షత్రములలో మొదట ప్రసిద్ధమైనది వృషభరాశిలోని టీ టారి. దానిని 1852లో హైండ్ అను ఆంగ్లేయుడు కనుగొనెను. అది ఒకప్పుడు ప్రకాశించును, మఱియొకప్పుడు మసకబారును. 1945లో ఆల్ఫ్రెడ్ జాయ్ అను అమెరికా శాస్త్రజ్ఞుడు అట్టివి పదునొకండింటిని చేర్చి ఒక జాతిగా వర్ణించెను. ఇవి క్రొత్తగా పుట్టిన నక్షత్రములై యుండునని ఆర్మేనియా దేశీయుడైన అంబార్త్‌సుమ్యాన్ ఆ దశాబ్దపు చివరనే వాదించెను. తరువాతి పరిశోధన లాయన వాదమును బలపఱచినవి.

ఇట్టి శిశువు సాధారణముగా ఏటికి ఎంత తినును? సూర్యుని బరువులో పదికోట్లవ వంతు. ఇది స్వల్పమని తోచునా? సూర్యుని బరువు మిక్కిలి గొప్పది గనుక, ఈ స్వల్పభాగమే దాదాపు నాలుగేండ్లలో మన చంద్రుని యంత బరువగును. నాలుగేండ్ల కొక చందమామ! మన పిల్లలకు గోరుముద్దలు పెట్టునప్పుడు చందమామను రమ్మని పిలుచుట వాడుక. నక్షత్ర శిశువు నిజముగా చందమామలనే మ్రింగుచున్నది.

తలుపు లెత్తినట్లు

అయినను లెక్క కుదురలేదు. ఏటికి పదికోట్లవ వంతు చొప్పున పది లక్షల యేండ్లు తిన్నను సూర్యునిలో నూఱవ పాలు మాత్రమే సమకూడును. కనుక పెరుగుదలలో అధికభాగము అంతకు ముందే, శిశువు ఇంకను మేఘపు పొత్తిళ్లలో దాగియున్నప్పుడే, మొదటి కొన్ని లక్షల యేండ్లలో జరిగి యుండవలెను. పడు పదార్థమెంత యధికమో వెలుగంత యధికముగా నుండవలెను. కాని పొత్తిళ్లలోని శిశువులను పరిశీలింపగా అవి యనుకొన్నంత ప్రకాశవంతముగా లేవు. 1990లో బయటబడిన ఈ చిక్కు శాస్త్రజ్ఞులను చాలకాలము బాధించినది.

దీనికి సమాధానమును విజయపురి సౌత్ వాసులు కన్నులారా చూచుచునే యున్నారు. నాగార్జునసాగరమునకు 1955 డిశంబరు 10వ తేదీన పునాదిరాయి పడినది. 1967 ఆగస్టు 4వ తేదీన కాలువలకు నీరు వదలిరి. కుడికాలువ యగు జవహర్ కాలువ ఈ గట్టునుండియే పల్నాటి పొలములకు పోవుచున్నది. ఎగువనుండి నీరు వచ్చి జలాశయములో చేరుచుండును. కాలువలో కొలత ప్రకారము పారుచుండును. కాని వరద హెచ్చి జలాశయము నిండినప్పుడు ఆనకట్టకున్న ఇరువదియాఱు తలుపులలో కావలసినన్ని యెత్తుదురు. అప్పుడు కొలది దినములలో పోవు నీరు కాలువలో నెలల తరబడి పారినదానిని మించును. చూడవచ్చినవారు ఆ దృశ్యమును మఱువరు. నక్షత్రపు చక్రమును అట్టి జలాశయమే. మేఘమునుండి పదార్థము దానిపై పడి పేరుకొనును. లోనికి మాత్రము కొంచెముగా జారుచుండును. బరువు మితిమీరినప్పుడు చక్రము కాగి, అలజడిపొంది, నిలువజేసినదానిని ఒక్కమాఱు వదలివేయును. తోడి నక్షత్రము దగ్గరగా పోయినప్పుడును, చక్రములోని పెద్ద ముద్ద యొకటి లోనికి పడినప్పుడును ఇట్లే జరుగవచ్చునని కొందఱి మతము. ఏది కారణమైనను, శిశువు నిత్యము నియమముగా భుజించుట లేదు. చాలకాలము అర్ధాకలితో నుండి, అప్పుడప్పుడు విందు చేసికొనుచున్నది. మనము చూచునప్పుడు చాల శిశువులు ఆకలితో నుండుటచే వెలుగు తక్కువగా కనబడినది.

ఈ విందును మనుష్యులు చూచిరి కూడ. 1936వ సంవత్సరమున మృగశిర ప్రాంతములో ఎవ్వరును గమనింపని ఒక మసక నక్షత్రము కొలదినెలలలో నూఱురెట్లకు మించి ప్రకాశించినది. దానిపేరు ఎఫ్‌.యూ. ఓరియొనిస్. సాధారణముగా అట్లు మెఱసినవి త్వరలో ఆరిపోవును. ఇది మాత్రము దాదాపు తొంబదియేండ్లు గడచినను ఇంకను పూర్వస్థితికి రాలేదు. జార్జి హెర్బిగ్ అను శాస్త్రజ్ఞుడు దీనిని బాలనక్షత్రముల విశేషముగా గుర్తించి ప్రచారమునకు దెచ్చెను. 1985లో హార్ట్‌మన్, కెన్యన్ అనువారు చక్రమునుండి పదార్థము ఉప్పొంగి పడుటయే దీనికి కారణమని వివరించిరి. ఇట్టి విందు దినములలో శిశువు ఏటికి కొన్ని భూగోళములు మొదలు పదులకొలది భూగోళములంత బరువును గ్రహించునని అంచనా.

2004వ సంవత్సరము జనవరిలో అమెరికాలోని కెంటకీ రాష్ట్రమున జే మెక్నీల్ అను ఔత్సాహికుడు మూడంగుళముల చిన్న దూరదర్శినితో ఆకాశచిత్రములు తీయుచు, పూర్వపు పటములలో లేని వెలుగుమబ్బు నొకదానిని పట్టుకొనెను. పరిశీలింపగా దాని మొదట నున్న బాలనక్షత్రము విందునకు కూర్చున్నదని తెలిసెను. కొలది కాలములో ఆ మబ్బు మాయమై, 2008లో మరల కానవచ్చినది. ఈ రెండవ పర్యాయమును శ్రద్ధగా వెంబడించినవారిలో బొంబాయి టాటా పరిశోధనాలయపు శాస్త్రజ్ఞులు ముఖ్యులు. వారు వాడినది లడఖ్‌లోని హాన్లే యందు 4,500 మీటర్ల యెత్తున నున్న రెండు మీటర్ల దూరదర్శిని. గాలి పలుచనై, చలి కొఱుకు ఆ శిఖరమునకు పోకయే, బెంగుళూరు దగ్గరి హొసకోటలో కూర్చుండి ఉపగ్రహము ద్వారా దానిని నడుపుచుందురు.

తెలుగునేలపై నింగిచూపు

ఆ దూరదర్శినిని నడుపు భారత ఖభౌతిక సంస్థను 1971లో నెలకొల్పి పెంచినవారు వైణుబప్పు గారు. ఆయన బాల్యము, చదువు హైదరాబాదులో సాగినవి. తండ్రి అచ్చటి నిజామియా వేధశాలలో పనిచేయువాడు. 1901లో జఫర్‌జంగు అను నవాబు తన సొమ్ముతో ఆరంభించిన వేధశాల యది. 1908లో నిజాము ప్రభుత్వము దానిని స్వీకరించినది. ఆకాశమంతటికి ఛాయాచిత్ర పటము తయారుచేయుటకు ప్రపంచ దేశములు పూనుకొన్నప్పుడు హైదరాబాదునకును ఒక భాగ మప్పగింపబడినది. అంతకు పూర్వమే, 1840లో, విశాఖపట్టణమున గోడే వెంకట జగ్గారావు గారు స్వంత వేధశాలను కట్టించిరి. ఆయన పిదప అల్లుడు అంకితము వెంకట నరసింగరావు గారు దానిని నడిపిరి. 1968లో హైదరాబాదునకు దూరముగా జపాల్ రంగాపురముల చెంత ఉస్మానియా విశ్వవిద్యాలయము వారు 48 అంగుళముల దూరదర్శినిని నిలిపిరి. ఇచ్చట ముఖ్యముగా జంట నక్షత్రములను పరిశీలించిరి. జంటలో నొకటి రెండవదాని పదార్థమును లాగుకొనునప్పుడును చక్రమేర్పడుట కలదు. కనుక ఈ శాస్త్రము మన నేలకు క్రొత్తది కాదు.

మిగులు

ఇక అన్నిటికన్న ముఖ్యమైన మాట. శిశువు చక్రమునంతటిని మ్రింగివేసినచో ఏమగును? గ్రహము లుండవు, భూమి యుండదు, మనముండము. చక్రములోని ధూళి రేణువులు ఒకదానికొకటి అంటుకొని, గులకఱాళ్లై, బండలై, కొండలై, చివరకు గ్రహములు కావలెను. దీనికి గడువు స్వల్పము. చాల చక్రములు ముప్పది లక్షల యేండ్ల ప్రాంతమున కరగిపోవును. కోటి యేండ్లు నిలుచునవి అరుదు. ఒకప్రక్క నక్షత్రము తినుచుండును. మఱియొకప్రక్క దాని తీవ్రకిరణములు చక్రపు పైతలమును కాచి, తడిబట్ట యారినట్లు వాయువును ఆకాశములోనికి పంపివేయుచుండును. ఈ యెండబెట్టుట ఏ రీతిగ, ఎంత వేగముగ జరుగునో లెక్కకట్టినవారిలో ప్రముఖురాలు అమెరికాలో పరిశోధన సాగించుచున్న ఉమా గోర్తి గారు. గోర్తివారను ఇంటిపేరు తెలుగువారికి పరిచితమైనదే. డేవిడ్ హాలెన్‌బాక్ గారితో కలిసి 2009లో ఆమె ప్రచురించిన వ్యాసములు ఈ విషయమున తఱచుగా పేర్కొనబడుచున్నవి.

2014 నవంబరులో చిలీ దేశపు ఎడారిలోని ఆల్మా అను 66 పళ్లెముల దూరదర్శిని, వృషభరాశిలోని హెచ్‌.ఎల్‌. టారి అను శిశువు చక్రమును చిత్రించినది. పది లక్షల యేండ్లు మించని ఆ శిశువు చుట్టు, ముగ్గులో వలయములు గీచినట్లు, వెలుగు నలుపు చుట్లు ఒకదానిలో నొకటి కానవచ్చెను. నల్లని చుట్లు గ్రహములు తమ దారిని ఊడ్చుకొన్న చోట్లని పలువురి యభిప్రాయము. 2018లో పి.డి.ఎస్‌. 70 అను నక్షత్రపు చక్రములో నిట్లు పెరుగుచున్న గ్రహమునే చూచిరి. మరుసటియేట రెండవది దొరకినది. ఆ రెండవ గ్రహము చుట్టు దాని స్వంత చిన్న చక్రమున్నట్లు 2021లో రూఢియైనది. తల్లి భుజించుచుండగా ప్రక్కన బిడ్డయు తన గిన్నెలో భుజించుచున్నట్లున్నది! నక్షత్రమును లేక ఒంటరిగా తిరుగు ఒక గ్రహము సెకనుకు ఆఱువందల కోట్ల టన్నుల పదార్థమును గ్రహించుచున్నట్లు 2025లో ప్రకటించిరి.

మన సూర్యునికిని ఇట్టి చక్రముండెనని చెప్పుటకు ఆధారము పంచాంగములోనే కలదు. బుధ శుక్ర కుజ గురు శనులు ఏ కాలమందైనను మేష వృషభాది రాశులను విడిచి ఉత్తర ధ్రువమువైపునకో దక్షిణ ధ్రువమువైపునకో పోవుట లేదు. అన్నియు ఒకే పట్టెలో నడచుచున్నవి. ఏల? అవి యన్నియు ఒకే పలుచని చక్రములో పుట్టినవి గనుక. 460 కోట్ల యేండ్ల క్రిందటి చక్రమెప్పుడో కరగిపోయినను దాని తలము చెక్కు చెదరలేదు. ఆ చక్రములో నూటికి దాదాపు తొంబదితొమ్మిది పాళ్లకు పైగా సూర్యునికే చెందినది. మిగిలిన స్వల్పములోనే సకల గ్రహములును, వానిలో నొక చిన్న గ్రహముపై మన కాపురములును.

ఆ మిగులులో నీటి కథ మఱింత చోద్యము. చక్రములో దూరముగా నున్న నీరు మంచుగా ధూళికంటుకొని యుండును గనుక మనకు కనబడదు. వి883 ఓరియొనిస్ అను శిశువు విందులో నుండుటచే దాని వేడికి మంచు చాల దూరమువఱకు ఆవిరియైనట్లు 2016లో కనుగొనిరి. 2023లో ఆ యావిరిని పరీక్షించి, అందలి సాధారణ ఉదజనికిని బరువైన ఉదజనికిని గల పాళ్లు మన తోకచుక్కల నీటిలోని పాళ్లను పోలియున్నవని తెలిసికొనిరి. అనగా మేఘములో నక్షత్రము పుట్టకపూర్వమే యేర్పడిన నీరు, చక్రము ద్వారా చెడక దిగివచ్చి, తోకచుక్కలకును గ్రహములకును చేరుచున్నది. మన భూమిమీది నీటిలోను ఒక భాగము సూర్యునికన్న వయస్సులో పెద్దదని దీనివలన నమ్మకము బలపడినది. డచ్చి దేశపు ఎవీన్ వాన్ డిషూక్ అను విదుషీమణి ఆకాశమందలి నీటి జాడలను వెదకుటలో దశాబ్దముల కృషి చేసియున్నది.

కృష్ణలో స్నానమాడునప్పుడు మనము నది వయస్సును తలచుకొందుము, కొండల వయస్సును తలచుకొందుము. దోసిటిలోని నీటిలో కొన్ని కణములు సూర్యునికంటె పెద్దవని తలచుట మన అలవాటులో లేదు. ఇకముందు తలచుకొనవచ్చును.

సోదరీమణులకొక మనవి. ఈ విషయములు తెలియుటకు దూరదర్శిని కొనవలసిన పనిలేదు. మాఘమాసపు రాత్రి దీపము లార్పి, పిల్లలను డాబామీదికి గాని ఏటిగట్టునకు గాని తీసికొనిపోయి, మూడు చుక్కల క్రిందనున్న మసకచుక్కను చూపుడు. అచ్చట పసినక్షత్రములు చక్రములనుండి ఆహారము లాగుకొని పెరుగుచున్నవని చెప్పుడు. అవి తినగా మిగిలినదానితోనే రేపటి భూములు కట్టబడునని చెప్పుడు. ఆ పిల్లలలో ఆడపిల్ల యొకతె, మిగులు ఎంత మిగిలినదని లెక్క అడిగినచో, నవ్వి ఊరకుండక, పలకా బలపము చేతికిచ్చి లెక్క చేయింపుడు. సిసీలియా పెయిన్ గారును, గోర్తివారి ఉమాదేవియు చేసినది అట్టి లెక్కలే.